ఐదెకరాల గడ్డికి ఎంత ట్రాక్టర్ కావాలి?

తొలకరి పడ్డాక ఒక నలభై రోజులు శంకర్‌పల్లి వైపో, షాద్‌నగర్ వైపో, యాచారం వైపో ఉన్న పొలానికి పోకుండా ఉండి, ఆగస్టులో గేటు తెరిస్తే కనిపించేది నడుము లోతు గడ్డి. మామిడి మొక్కలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి, డ్రిప్ పైపు కనబడదు, బోరు దాకా పోవాలంటే కర్రతో తట్టుకుంటూ నడవాలి, ఎందుకంటే రక్తపింజరకూ కట్లపాముకూ దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. హైదరాబాద్ చుట్టూ రెండెకరాలో ఐదెకరాలో కొనుక్కున్న చాలా ఇళ్ళలో ట్రాక్టర్ కొందామన్న ఆలోచన పుట్టేది ఆ రోజే. ఆ వారమే షోరూమ్‌కి పోతారు. ఎన్ని హెచ్‌పీ, ధరెంత, ఫోర్ వీల్ డ్రైవా కాదా అని అడుగుతారు. బండి ఇంటికొచ్చాక దాని వెనక ఏం తగిలించాలో ఆలోచిస్తారు.

ఈ వరుస తలకిందులుగా ఉంది. ఏ గడ్డి, ఎలాంటి నేల, ఎంత ఎత్తున కోయాలి అన్నదాన్ని బట్టి కోత యంత్రం ఏదో తేలుతుంది, ఆ యంత్రం వెడల్పునూ బరువునూ బట్టి ట్రాక్టర్ ఏదో తేలుతుంది. ఇలా కింది నుంచి లెక్క వేసుకుంటే చాలామందికి అనుకున్నదానికంటే చిన్న బండి సరిపోతుంది, కొందరికి అసలు ట్రాక్టరే అక్కర్లేదు.

ముందుగా ఒక అలవాటు గురించి చెప్పాలి, ఎందుకంటే తప్పు బండి కొనడానికి చాలాసార్లు అదే కారణం. మన దగ్గర గడ్డి పెరిగిందంటే నేలను తిరగేసే రోటవేటర్ కొట్టించడమే. ఊళ్ళో ఎవరి ట్రాక్టర్ వెనక చూసినా రోటవేటరో కల్టివేటరో ఉంటుంది, ఫోన్ చేస్తే వస్తారు, రెండు గంటల్లో నేలంతా ఎర్రగా, శుభ్రంగా కనిపిస్తుంది. పంట వేసే నేలకు అది సరైన పనే. పంట వెయ్యని ఖాళీ నేలకూ, చెట్ల మధ్య వరసలకూ మాత్రం అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. తుంగ భూమిలోపల చిన్న చిన్న గడ్డలు పెడుతుంది, రోటవేటర్ పళ్ళు ఆ గడ్డల గొలుసుని తెంపి పొలమంతా చల్లుతాయి, విడిపోయిన ఒక్కో గడ్డా కొత్త మొక్క అవుతుంది. గరిక కాడ ముక్కలు కూడా అంతే, తేమ తగిలితే ఎక్కడ పడితే అక్కడ వేరు పోసుకుంటాయి. వయ్యారిభామ విత్తనాలు మట్టిలో ఎంతో కాలం పడుంటాయి, నేల తిరగేసి వాటిని పైకి తెస్తే మళ్ళీ మొలుస్తాయి. ఇక చేవెళ్ళ, షాద్‌నగర్ వైపు ఎర్ర చెలకల్లో కాస్త వాలు ఉందంటే, వదులు చేసిన పై మట్టి ఒక్క పెద్ద వానకు గెట్టు దాటి పోతుంది. పోయింది తిరిగి రాదు.

కోత పని వేరు. వేళ్ళు నేలలోనే ఉండి మట్టిని పట్టుకుంటాయి, తెగిన గడ్డి అక్కడే పడి ఎండి నేలకు కప్పులా ఉంటుంది. పూత రాకముందే మూడు నాలుగు సార్లు కోస్తే నిటారుగా పెరిగే ఏడాది కలుపు తగ్గి, నేలబారుగా పాకే గరిక లాంటివి చోటు పట్టుకుంటాయి. వయ్యారిభామ ఒక్కటీ మొండిది, కోసినా మొదలు నుంచి మళ్ళీ చిగురు వేసి పొట్టిగానే పూస్తుంది, దాన్ని వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు చేతికి తొడుగు వేసుకుని వేళ్ళతో సహా పీకించడమే దారి. అది చర్మానికీ ఊపిరికీ పడదు కాబట్టి కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

ఇక యంత్రాల సంగతి. ఐదెకరాల స్థలంలో అన్నిచోట్లా ఒకే రకం కోత ఉండదు. ఇంటి ముందు పది గుంటల్లో లాన్ పరిచారనుకుందాం, అంటే పావెకరం, 1,210 గజాలు. బెర్ముడా రకమైనా మెక్సికన్ గడ్డి అయినా దాన్ని ఒకటి రెండు అంగుళాల ఎత్తులో ఉంచాలి, వానాకాలంలో దాదాపు ప్రతి వారం కోయాలి, ఒక్కసారిలో ఉన్న ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. ఇది ట్రాక్టర్ చేసే పని కానే కాదు. ట్రాక్టర్ టైర్ల గుబ్బలు లాన్ మీద చాళ్ళు పెడతాయి. ఇరవై, ఇరవై ఒక్క అంగుళాల వెడల్పు ఉండి వెనక నడుస్తూ తోసే పెట్రోల్ మోవర్ ఉంటే పది గుంటలు గంట పని. గోల్ఫ్ మైదానాల్లో వాడే రీల్ మోవర్ కత్తెరలా కత్తిరిస్తుంది, కోత చాలా అందంగా వస్తుంది కానీ మన నేలలో ఒక్క గులకరాయి పడితే బ్లేడు అంచు పోతుంది. కూర్చుని నడిపే రైడ్ ఆన్ మోవర్లు బాగుంటాయి, కానీ చదునైన లాన్ ఎకరం దాటితే తప్ప వాటి ధరకు న్యాయం జరగదు, పైగా బెల్టు తెగితే అది ఎక్కడ దొరుకుతుందో కొనేముందే తెలుసుకోవాలి.

గెట్ల వెంబడి, రాతి గుండ్ల చుట్టూ, ఫెన్సింగ్ కడీల కింద, చెట్టు మొదట్లో పెరిగేది ఇంకో పని. అక్కడికి ట్రాక్టర్ పోదు, పోకూడదు. కాబట్టి ట్రాక్టర్ ఉన్నా లేకపోయినా ప్రతి పొలానికీ ఒక బ్రష్ కట్టర్ (భుజానికి తగిలించుకుని గడ్డి కోసే చిన్న ఇంజిన్ యంత్రం) కావాలి, అసలు కొనాల్సిన మొదటి వస్తువే అది. టూ స్ట్రోక్ అయితే పెట్రోల్లో నూనె కలపాలి, పనివాళ్ళు ఆ పాళ్ళు తప్పితే ఇంజిన్ పట్టేస్తుంది. 35 సీసీ ఫోర్ స్ట్రోక్‌లో ఆ గొడవ ఉండదు, ఎవరెవరో వాడే పొలానికి అదే నయం. గడ్డికి నైలాన్ దారం, కాస్త ముదిరిన కాడలకు బ్లేడు. కానీ చిన్న మొక్కల దగ్గర నైలాన్ దారం కూడా ప్రమాదమే, మొదలు చుట్టూ బెరడు ఒలిచేస్తుంది, మొక్క నెల తర్వాత ఎండిపోతే కారణం ఎవరికీ అర్థం కాదు. మొక్క చుట్టూ రెండడుగులు చేత్తో తీయించడమో, పాత పైపు ముక్కని చీల్చి కాండానికి తొడగడమో చెయ్యాలి.

రెండెకరాల లోపు ఉన్నవాళ్ళు ఇక్కడ ఆగిపోవచ్చు. దట్టమైన గడ్డి ఎకరానికి బ్రష్ కట్టర్‌తో ఒక మనిషికి రెండు రోజులు పట్టినా, ఏడాదిలో నాలుగైదు సార్లే కదా. ఎకరం స్థలం ఉన్న మనిషి మినీ ట్రాక్టర్ కొనడం సరదా కోసమైతే ఎవరూ కాదనరు, అవసరం అనుకుని కొంటే మాత్రం తొందరపడ్డట్టే.

ఇక చెట్ల మధ్య వరసలు, దారులు, ఖాళీ చెలక. ఇక్కడే ట్రాక్టర్ వెనక తగిలించే కోత యంత్రాలు వస్తాయి. మన నేలలకు పనికొచ్చేవి ప్రధానంగా రెండు. ఒకటి స్లాషర్. ఇనుప రేకు డెక్ కింద రెండు మూడు బరువైన బ్లేడ్లు అడ్డంగా తిరుగుతాయి, అవి బోల్టు మీద వదులుగా ఊగుతాయి కాబట్టి రాయి తగిలితే వెనక్కి మడుచుకుంటాయి. నాలుగైదు అంగుళాలు మిగిల్చి కోస్తుంది, కోత కాస్త మొరటుగానే ఉంటుంది, కానీ నడుము లోతు గడ్డీ, బొటనవేలంత కాడలూ, చిన్న తుమ్మ మొలకలూ దాని ముందు నిలవవు. యంత్రంలో చెడిపోయేవి తక్కువ, ఊళ్ళో వెల్డింగ్ షాపులో కూడా బాగుచేయించుకోవచ్చు. రెండోది ఫ్లెయిల్ మోవర్, మన డీలర్లు మల్చర్ పేరుతో అమ్మేది ఈ జాతిదే. అడ్డంగా ఉండే రోలర్‌కు వరసగా చిన్న చిన్న బ్లేడ్లు వేలాడుతుంటాయి. మెత్తటి గడ్డికి వై ఆకారం బ్లేడ్లు, లావు కాడలకు సుత్తి ఆకారంవి. గడ్డిని సన్నగా ముక్కలు చేస్తుంది, రాళ్ళని దూరంగా విసరడం స్లాషర్ కంటే తక్కువ. బదులుగా బలం ఎక్కువ అడుగుతుంది, బరువూ ధరా ఎక్కువ, బ్లేడ్లు అరిగితే ఒకటి కాదు వరస మొత్తం చూసుకోవాలి. పైగా ఇక్కడ దొరికే మల్చర్లు ఎక్కువగా పత్తి కట్టె, వరి మోళ్ళ కోసం తయారైనవి, 45 హెచ్‌పీ పైన ఉన్న బండ్లకు సరిపోయేలా ఉంటాయి. ఇల్లూ రోడ్డూ పక్కనే ఉండి రాళ్ళు ఎగురుతాయన్న భయం ఉంటే ఫ్లెయిల్ మంచిది. మిగతా అందరికీ స్లాషర్ చాలు.

ఇప్పుడు వెడల్పు. స్లాషర్‌కి అడుగు వెడల్పుకు సుమారు 5 పీటీఓ హెచ్‌పీ (ట్రాక్టర్ వెనక యంత్రాన్ని తిప్పే షాఫ్ట్ దగ్గర దొరికే బలం) కావాలన్నది చాలాకాలంగా నడుస్తున్న లెక్క. నాలుగడుగుల స్లాషర్‌కి 20, ఐదడుగులకు 25, ఆరడుగులకు 30. ఫ్లెయిల్‌కి దీనికంటే ఎక్కువే చూసుకోవాలి. ఇక్కడ పీటీఓ హెచ్‌పీ అన్న మాట ముఖ్యం. బానెట్ మీద రాసేది ఇంజిన్ హెచ్‌పీ. వెనక షాఫ్ట్ దగ్గరికి వచ్చేసరికి గేర్లలో కొంత పోతుంది, సాధారణంగా ఇంజిన్ బలంలో 80 నుంచి 90 శాతం మిగులుతుంది, కొన్ని చిన్న బండ్లలో ఇంకా తక్కువ. 24 హెచ్‌పీ అని రాసున్న రెండు ట్రాక్టర్లలో ఒకటి పీటీఓ దగ్గర 22 ఇస్తే ఇంకోటి 18 దాటకపోవచ్చు, స్లాషర్ పట్టేది లేనిదీ ఆ నాలుగు దగ్గర తేలుతుంది. సేల్స్‌మన్ మాటతో పనిలేదు, అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ మధ్యప్రదేశ్‌లోని బుద్నీలోనూ కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల పరీక్షా కేంద్రాలున్నాయి, అక్కడ పరీక్షించిన మోడళ్ళకు రిపోర్టులుంటాయి. కొనబోయే మోడల్ టెస్ట్ రిపోర్ట్ చూపించమని డీలర్‌ని అడగాలి. పీటీఓ బలం, గంటకు డీజిల్, వెనక యంత్రాన్ని ఎత్తే లిఫ్ట్ సామర్థ్యం అన్నీ అందులోనే ఉంటాయి.

పెద్ద బండి అయితే పని గబగబా అయిపోతుందన్న నమ్మకం ఉంది కదా, దాన్ని కాగితం మీద చూద్దాం. ఎకరం స్థలం చతురస్రంగా ఉంటే ఒక్కో పక్క 63, 64 మీటర్లు. నాలుగడుగుల స్లాషర్ కాస్త ఒకదానిమీద ఒకటి ఎక్కేలా 1.1 మీటర్లు కోస్తుందనుకుంటే 58 వరసలు, మొత్తం 3.7 కిలోమీటర్లు. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో, మలుపులతో కలిపి గంట నుంచి గంటంబావు. ఆరడుగుల స్లాషర్ అయితే 37, 38 వరసలు, మలుపులతో కలిపి ముప్పావు గంట, మహా అయితే యాభై నిమిషాలు. ఐదెకరాల మీద తేడా రెండు గంటలు. ఏడాదికి ఐదు కోతలంటే పది గంటలు. ఆ పది గంటల కోసం 24 హెచ్‌పీ బండి చాలినచోట 45 హెచ్‌పీ బండి కొనడంలో అర్థం లేదు, అందులోనూ చెట్లు ఉన్న తోటలో. పాత పద్ధతిలో పది మీటర్ల దూరంతో వేసిన మామిడి తోటలో పెద్ద ట్రాక్టర్ తిరుగుతుంది. ఇప్పుడు ఐదు మీటర్లకు ఒకటి చొప్పున దగ్గర దగ్గరగా పెడుతున్నారు, చెట్లు నాలుగేళ్ళు పెరిగాక కొమ్మల మధ్య మిగిలే దారిలో పెద్ద బండి కొమ్మలు విరుచుకుంటూ పోవాల్సిందే. అక్కడ ఎత్తు తక్కువగా ఉన్న బండి, వీలైతే పొగ గొట్టం కిందికి ఉన్నది చూసుకోవాలి.

ఇంకో చిన్న లెక్క కూడా ఉంది. స్లాషర్ వెడల్పు ట్రాక్టర్ వెనక టైర్ల బయటి అంచుల మధ్య దూరానికి సమానంగానో కాస్త ఎక్కువగానో ఉండాలి. లేకపోతే టైరు తొక్కిన గడ్డి పడుకుని కోతకు దొరకదు, రెండు రోజులకు మళ్ళీ లేచి నిలబడుతుంది. ట్రాక్టర్ బయటి వెడల్పు టేప్ పెట్టి కొలుచుకుని, స్లాషర్ అంతకు తగ్గకుండా చూసుకోవాలి. పెద్ద బండికి నాలుగడుగుల స్లాషర్ తగిలిస్తే బండీ దండగే, కోతా దండగే.

మన మార్కెట్లో ఈ పనికి సరిపడే 20 నుంచి 30 హెచ్‌పీ బండ్లకు కొదవ లేదు. మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్, జాన్‌డీర్ 3028, వీఎస్‌టీ వాళ్ళవి, ఇలా. మహీంద్రా ఓజా వరస 20 నుంచి 40 హెచ్‌పీ దాకా ఉంటుంది, 2023 ఆగస్టు 15న విడుదల చేశారు, తయారయ్యేది మన జహీరాబాద్‌లోనే. ఏ కంపెనీ గొప్పదన్న వాదన కంటే, పొలానికి ఇరవై కిలోమీటర్ల లోపు సర్వీస్ సెంటర్ ఎవరిది ఉంది, మినీ ట్రాక్టర్ తెలిసిన మెకానిక్ అక్కడ ఉన్నాడా అన్నది ముఖ్యం. పెద్ద ట్రాక్టర్ మెకానిక్ ప్రతి మండల కేంద్రంలో దొరుకుతాడు, చిన్న బండి విడిభాగాలు మాత్రం నగరం నుంచి రావాల్సి రావొచ్చు, వానాకాలంలో పది రోజులు బండి ఆగితే గడ్డి ఆగదు. ధర విషయానికొస్తే 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, పన్ను కాకుండా ఆరు లక్షల బండి మీద 42 వేలు తేడా, పాత కొటేషన్ పట్టుకుని బేరాలాడొద్దు. 50 హెచ్‌పీ దాటిన బండ్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, దాంతో వాటి ఇంజిన్లో ఎలక్ట్రానిక్స్ పెరిగాయి, ధరా పెరిగింది. గడ్డి కోతకు అంత దూరం పోవాల్సిన పనే లేదు.

షోరూమ్‌లో ఎవరూ అడగని ప్రశ్న క్లచ్ గురించి. నిజానికి కోత పనికి హెచ్‌పీ తర్వాత అంత ముఖ్యమైంది ఇదే. సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ తొక్కితే చక్రాలకూ పీటీఓకూ రెండింటికీ బలం ఆగిపోతుంది. దట్టమైన గడ్డి అడ్డం వచ్చి ఒక్క క్షణం ఆగి బ్లేడ్లకు ఊపు అందనిద్దామంటే కుదరదు, బండి ఆగితే బ్లేడ్లూ నెమ్మదిస్తాయి, గడ్డి చుట్టుకుంటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. బరువైన స్లాషర్ బ్లేడ్లు ఒకసారి ఊపు అందుకున్నాక క్లచ్ తొక్కినా అవి తిరుగుతూనే ఉంటాయి, ఆ ఊపు షాఫ్ట్ గుండా వెనక్కి వచ్చి గేర్లలో ఉన్న ట్రాక్టర్‌ని ముందుకు తోస్తుంది. డ్రైవర్ క్లచ్ తొక్కి ఆగిందనుకుంటాడు, బండి మాత్రం ఫెన్సింగ్ వైపో, గెట్టు మీదకో, ఇంకా దారుణం అయితే మనిషి వైపో పోతుంది. డబుల్ క్లచ్, అంటే పీటీఓ విడిగా పనిచేసే బండి తీసుకుంటే ఈ సమస్య రాదు. సింగిల్ క్లచ్ బండి ఇప్పటికే ఉంటే షాఫ్ట్‌కి ఓవర్ రన్నింగ్ క్లచ్ వేయించాలి, అది ఒక్క వైపే బలాన్ని పోనిస్తుంది. దాంతోపాటు స్లాషర్ గేర్‌బాక్స్ ముందు షియర్ బోల్టో స్లిప్ క్లచ్చో ఉందో లేదో చూసుకోవాలి. మన నేలలో రాయి తగలడం ఖాయం, తగిలినప్పుడు తక్కువ ఖరీదు బోల్టు తెగాలి, గేర్‌బాక్స్ పగలకూడదు. ఆ బోల్టు తెగితే మెకానిక్ షాపులో దొరికిన ఏదో గట్టి బోల్టు వేసేస్తుంటారు, అలా చేస్తే ఆ ఏర్పాటుకే అర్థం లేకుండా పోతుంది. కంపెనీ చెప్పిన రకం ఓ పది కొని టూల్ బాక్సులో పడెయ్యాలి.

పీటీఓ ప్రమాణ వేగం నిమిషానికి 540 చుట్లు. మీటర్ మీద ఇంజిన్ ఏ వేగంలో ఉంటే 540 వస్తుందో గుర్తు ఉంటుంది, కోత అంతసేపూ అక్కడే ఉంచాలి. డీజిల్ ఆదా అని థ్రాటిల్ తగ్గిస్తే బ్లేడు కొయ్యదు, గడ్డిని చీలుస్తుంది, అదే చోట రెండోసారి తిరగాలి, ఆదా అంతా పోతుంది. 24 హెచ్‌పీ బండి ఈ పనిలో గంటకు రెండు నుంచి మూడు లీటర్లు తాగుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ కావాలా అన్నది నేల చెబుతుంది. చదునైన ఎర్ర నేల, దుబ్బ నేల అయితే టూ వీల్ డ్రైవ్ చాలు, వాన పడ్డ రోజు ఆగి మర్నాడు దిగొచ్చు. వికారాబాద్, జహీరాబాద్ వైపు, చేవెళ్ళ దాటాక కొన్ని చోట్ల ఉన్న నల్లరేగడి వేరే లోకం. వాన తర్వాత నాలుగైదు రోజులు దాంట్లో కాలు పెట్టలేం, దిగిన బండి తన బరువుతోనే కూరుకుపోతుంది. అక్కడ తేలికైన ఫోర్ వీల్ డ్రైవ్ బండికి నిజంగా విలువ ఉంది, అయినా సరే ఆరకముందు దించితే టైర్లు చేసిన గాళ్ళు వేసవి దాకా గట్టిపడి ఉండిపోతాయి. వాలు నేలలో దిగేటప్పుడు కూడా ముందు చక్రాలు పట్టు ఇవ్వడం ప్రాణానికి మేలు. రోడ్డెక్కితే మాత్రం ఆ గేరు తీసెయ్యాలి, లేకపోతే ముందు టైర్లు త్వరగా అరిగిపోతాయి.

రాళ్ళ గురించి ఎంత చెప్పినా తక్కువే. హైదరాబాద్ చుట్టూ భూమి కింద చాలావరకు గ్రానైటే, చెలకలో సగం పూడి సగం తేలిన రాయి లేని ఎకరం అరుదు. కొత్త స్థలంలో స్లాషర్ దించేముందు వేసవిలో, గడ్డి ఎండి నేల కనబడేటప్పుడు మొత్తం నడిచి చూడాలి. తీయగలిగిన రాళ్ళు తీయించాలి, తీయలేనివాటి దగ్గర ఎత్తుగా కర్ర పాతి సున్నం పూయాలి. విరిగిన కడీలు, తెగిపోయిన ముళ్ళ తీగ, పాత డ్రిప్ పైపు చుట్టలు, ప్లాస్టిక్ తాళ్ళు ఇవన్నీ రాయి కంటే హానికరం, తీగ ఒకసారి బ్లేడు ఇరుసుకు చుట్టుకుంటే ఆయిల్ సీల్ కోసేస్తుంది, నూనె కారి గేర్‌బాక్స్ ఎండిపోయాక గానీ తెలియదు. డ్రిప్ ఉన్న తోటలో లేటరల్ పైపుల్ని కోతకు ముందు చెట్టు వరసలోకి జరిపి పెట్టుకోవాలి, లేదా మొదట్లోనే బోదె మీద వేయించాలి.

స్లాషర్ కింద నుంచి ఎగిరిన రాయి చాలా దూరం పోతుంది, వంద మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదని యంత్రాల మాన్యువళ్ళే చెబుతాయి. ఆదివారం పిల్లలతో పొలానికి పోయి, అదే రోజు కోత పెట్టుకోవడం మానుకోవాలి. డెక్ వెనక వేలాడే గొలుసులు లేదా రబ్బరు పరదా తీసేసి నడిపేవాళ్ళున్నారు, గడ్డి పడటానికి అడ్డమని, అది చాలా తప్పు. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు విరిగితే ఆ రోజు పని ఆపి కొత్తది వేయించాలి. 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది. లుంగీ అంచో, తువ్వాలో, చీర కొంగో చిక్కితే మనిషి అరిచేలోపు అంతా అయిపోతుంది. డ్రైవర్ పక్కన మడ్‌గార్డ్ మీద ఇంకో మనిషి కూర్చోవడం మన దగ్గర మామూలైపోయింది, వెనక బ్లేడ్లు తిరుగుతున్నప్పుడు అది ఎవరినీ చెయ్యనివ్వకూడని పని. చెరువు కట్టలు, గెట్ల వాలు, పాత వ్యవసాయ బావుల అంచులు ట్రాక్టర్ తిరగబడే చోట్లు, గడ్డి కప్పేసిన బావి అయితే కనిపించదు కూడా. సీటు వెనక రోల్‌బార్ ఉన్న మోడల్ దొరికితే కొంత ఎక్కువ పెట్టైనా తీసుకోవాలి, దాంతో సీట్ బెల్ట్ పెట్టుకోవాలి. మడిచే రకం అయితే కొమ్మల కింద దూరేటప్పుడు మడిచి, బయటికొచ్చాక మళ్ళీ నిలబెట్టాలి.

ఇక డబ్బు లెక్క. ఆరు లక్షల బండి మీద పది శాతం వడ్డీ అంటేనే ఏడాదికి అరవై వేలు, బండి విలువ తరుగుదల, ఇన్సూరెన్స్, సర్వీస్ వేరే. మరోవైపు కిరాయి ట్రాక్టర్ గంటకు 1,500 అనుకుందాం, ఊరిని బట్టి మారుతుంది. ఐదెకరాలకు ఏడాదికి నాలుగు కోతలు, మొత్తం ఇరవై గంటలు, ముప్పై వేలు. కాగితం మీద కిరాయే గెలుస్తుంది. కానీ కిరాయికి రెండు చిక్కులు. గడ్డి పెరిగే నెలల్లోనే ఊళ్ళో అందరికీ దున్నకం పని, పిలిచిన రోజు రాడు. వచ్చినా వాళ్ళ దగ్గర స్లాషర్ ఉండదు. ఈ రెండో చిక్కుకు మంచి పరిష్కారం ఉంది, చాలామందికి తట్టదు: స్లాషర్ మాత్రం సొంతంగా కొని షెడ్డులో పెట్టుకోవడం, ట్రాక్టర్‌ని, డ్రైవర్‌ని గంటలకు పిలుచుకోవడం. ఊళ్ళో ఉండేవి ఎక్కువగా 45, 50 హెచ్‌పీ బండ్లు కాబట్టి ఆరడుగుల స్లాషర్, ఆ సైజు లింకేజీ పిన్నులకు (యంత్రాన్ని బండికి తగిలించేవి) సరిపోయేది తీసుకోవాలి. పక్క పొలాల వాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే రోజు పెట్టుకుంటే డ్రైవర్ కూడా ఇష్టంగా వస్తాడు, పూర్తి రోజు పని దొరుకుతుంది కదా. ఐదెకరాల లోపు, చెట్లు ఎడంగా ఉన్నవాళ్ళకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదనే చెప్పాలి.

సొంత ట్రాక్టర్‌కి అర్థం వచ్చేది కోత కాక వేరే పనులు కూడా ఉన్నప్పుడే. తోటకు మందు కొట్టడం, నీళ్ళ ట్యాంకర్ లాగడం, ఎరువు, పశువుల మేత ట్రాలీలో తేవడం, రెండెకరాల్లో కూరగాయలకు దున్నకం, ఇవన్నీ కలిసి ఏడాదికి వంద గంటలు దాటితే కొనొచ్చు. ముందు వైపు లోడర్ తగిలించుకుని మట్టి ఎత్తుకోవచ్చు అన్న ఆలోచన విదేశీ వీడియోలు చూసి వస్తుంది. మన దగ్గర ఏ ఊళ్ళో అయినా జేసీబీ గంటల లెక్కన దొరుకుతుంది, ఏడాదికి పది గంటల మట్టి పని కోసం చిన్న ట్రాక్టర్ ముందు ఇరుసుని కష్టపెట్టడం అనవసరం.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి చూడాలి, స్లాషర్‌ని తెచ్చి తగిలించి అరగంట కోసి చూడాలి, లిఫ్ట్ ఎత్తి ఇంజిన్ ఆపి పది నిమిషాల్లో ఎంత దిగిందో చూడాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే ఫారం 35 తో అది తీయించాకే డబ్బు ఇవ్వాలి.

వారానికోసారి పోయే పొలంలో బండి వాడకం కంటే ఖాళీగా ఉండటం వల్లే ఎక్కువ పాడవుతుంది. బ్యాటరీ టెర్మినల్ విప్పి పెట్టాలి, లేదంటే నెల తర్వాత తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంటుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, బానెట్ తెరిచి చూడకుండా స్టార్ట్ చేయొద్దు. బ్రష్ కట్టర్, లాన్ మోవర్ లాంటి చిన్న పెట్రోల్ ఇంజిన్లలో ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోల్ నెలల తరబడి ఉంచితే తేమ పీల్చి కార్బ్యురేటర్‌ని పూడ్చేస్తుంది, సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపి పెట్టాలి. స్లాషర్ డెక్ కింద అంటుకున్న పచ్చి గడ్డిని అదే రోజు గీకేయాలి, అది తుప్పుకు మొదలు.

ఏడాదిలో కోతల్లో అన్నిటికంటే ముఖ్యమైంది ఆఖరిది. వానలు వెనకబట్టాక, అక్టోబర్ చివర్లోనో నవంబర్ మొదట్లోనో, గడ్డి ఇంకా పచ్చగా ఉండి కంకి ముదరకముందే కోసెయ్యాలి. అప్పుడు వదిలేస్తే ఫిబ్రవరికి అదంతా ఎండిన బోద, పక్క పొలంలో ఎవరో పత్తి కట్టె కాల్చినా, రోడ్డు మీద పోయేవాడు బీడీ పడేసినా ఫెన్సింగ్ పొడవునా అంటుకుంటుంది, డ్రిప్ పైపులూ మొక్కలూ ఒక్క మధ్యాహ్నంలో పోతాయి. సరిహద్దు చుట్టూ పదిహేను అడుగుల పట్టీ నేలకంటా కోసి, తెగిన గడ్డిని లోపలికి లాగించి కుప్ప వేయించాలి, మార్చిలో ఆ పట్టీని ఇంకోసారి చూసి రావాలి.